నాను పడిపోనేదు

2015 జూలైలో ఒక మంగళవారం పొద్దున్న షాలిని బడికి పోతూ ఉండగా ఇసక ట్రాక్టరు ఒకటి వచ్చి, ఆమె కుడికాలు విరగ్గొట్టి, ఆగకుండా వెళ్ళిపోయింది. జరిగింది ఇంతే. కానీ ఈ ఒక్క మాట ఉన్నదున్నట్టు కాగితం మీదికి ఎక్కి నిలబడడానికి తొమ్మిది నెలలు పట్టింది.

షాలినికి అప్పటికి పన్నెండేళ్ళు. పాతపట్నానికి మూడు కిలోమీటర్ల దూరంలో ఏటి గట్టున ఉంది వాళ్ళ పల్లె. తండ్రి ఎజ్రా నరసింగరావు గారి రైసుమిల్లులో బస్తాలు మోసే కళాసీ. తల్లి జ్ఞానసుందరి నాట్లకీ కోతలకీ కూలికి పోయేది. వాళ్ళకు ఒక్కతే కూతురు. బడిలో ఖో-ఖో ఆడే ఆడపిల్లల్లో షాలిని అంత వేగంగా పరిగెత్తే పిల్ల లేదు. అంత మొండిపిల్ల కూడా లేదని ఆటల మేస్టారు అంటుండేవారు.

ఆ పొద్దున్న రోడ్డు పక్క మడిలో వాళ్ళ పల్లె దేముడమ్మతో పాటు ఆరుగురు ఆడవాళ్ళు నాట్లు వేస్తున్నారు. షాలిని రోడ్డుకి ఎడమ అంచున నడుస్తోంది. వెనక ట్రాక్టరు చప్పుడు విని ఇంకాస్త పక్కకి జరిగింది. ఇసక బళ్ళు ఆ వేళప్పుడు మరీ జోరుగా వచ్చేవి. తనిఖీకి ఎవరైనా వచ్చేలోగా రెండు ట్రిప్పులు దింపెయ్యాలని తొందర. గుంత తప్పించబోయి డ్రైవరు బండిని ఎడమకు తిప్పాడు. ముందు చక్రం మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే ఇనప దిమ్మ షాలిని కాలిని మోకాలికీ చీలమండకీ నడుమ గుద్దింది. విరిగిన చప్పుడు ఆమెకే వినపడింది.

గట్టు కింద బురదలోంచి తల ఎత్తేసరికి డ్రైవరు వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఎర్రన్న. రోజూ చూసే మొహమే. అతను ఆమె కళ్ళలోకి చూశాడు. తరవాత ముందుకు తిరిగి గేరు మార్చాడు.

"ఓలమ్మో! గుంటని గుద్దీసినాడు!" అంటూ దేముడమ్మ నారు పారేసి పరిగెత్తుకొచ్చింది. మోకాలి కింద, కీలే లేని చోట, కాలు పక్కకి వంగి ఉంది. మిగిలిన ఆడవాళ్ళు చూడలేక మొహాలు తిప్పుకున్నారు. దేముడమ్మ తిప్పుకోలేదు. తన గొడుగు ముడిచి కాలి పక్కన ఆనించి, రెండు తువ్వాళ్ళతో పైనా కిందా కట్టేసింది.

"ఏడవాలంటే ఏడు. కాలు మట్టుకు కదపకు," అంది.

షాలిని ఏడవలేదు. "ఎర్రన్న సూసినాడు నన్ను. సూసి ఎల్లిపోనాడు," అంది, నొప్పి కంటే అదే ఎక్కువ అన్నట్టు.

108 వచ్చి పాతపట్నం ఆసుపత్రికి చేర్చింది. కబురందుకుని ఎజ్రా మిల్లు నుంచి పరిగెత్తుకొచ్చాడు. అతని వెనకే నరసింగరావు మోటారుసైకిలు దిగాడు. ఆయనకు మిల్లుతో పాటు మూడు ట్రాక్టర్లున్నాయి. ఎర్రన్న నడిపేది అందులో ఒకటి. ఎజ్రాని వరండా చివరికి తీసుకుపోయి గొంతు తగ్గించి మాట్లాడాడు. స్ట్రెచరు మీదున్న షాలినికి అంతా వినపడుతూనే ఉంది.

"ఒరే ఎజ్రా, పిల్ల సంగతి నాను సూసుకుంటాను. ఎంతయినా నా మిల్లులో మనిషివి. అయితే ఒక్క మాట. ఆ బండికి కాగితాల్లేవు. ఇసకకి పర్మిట్టు నేదు. పోలీసుల్దాకా ఎల్తే బండి పోతాది, ఎర్రన్న లోపలికెల్తాడు, ఆడి పిల్లలు రోడ్డున పడతారు. బడి గోడెక్కి పడిపోనాదని సెప్పు. ఎవుడికీ నష్టం నేదు."

ఎజ్రా తువ్వాలు అంచు నలుపుతూ నిలబడ్డాడు. పదహారేళ్ళుగా ఆ మిల్లులోనే పని. తరవాత చీటీ రాసే బల్ల దగ్గరికి వెళ్ళి, "పడిపోనాదండి. బడి గోడ మీంచి," అన్నాడు.

"నాను పడిపోనేదు," అంది షాలిని స్ట్రెచరు మీంచి. "ట్రాక్టరు గుద్దింది. నరసింగరావు గారిది."

"నొప్పికి ఏటేటో అంటన్నాదండి," అన్నాడు ఎజ్రా తల ఎత్తకుండా.

తండ్రి చెప్పిందే చీటీ మీదికి ఎక్కింది. కాలికి గట్టి అట్ట కట్టి, శ్రీకాకుళం పెద్దాసుపత్రికి పంపించారు. అంబులెన్సులో తండ్రీకూతుళ్ళు ఇద్దరే. గుంతల్లో బండి ఎగిరినప్పుడల్లా షాలిని పళ్ళు బిగపట్టింది.

"ఏల అలగ సెప్పినావు?" అని అడిగింది కొంతసేపటికి.

"ఊరుకోమ్మా. నీకు తెల్దు."

"నాకే తెలుసు. కాలు నాది."

ఎజ్రా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

పెద్దాసుపత్రిలో ఎముకల డాక్టరు పేరు త్రినాథ్. రాజాం దగ్గర పల్లెటూరివాడు. నలభై ఏళ్ళుంటాయి. ఎక్స్‌రే ఫిల్ముని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు. మోకాలి కింద ఎముకలు రెండూ విరిగాయి. పెద్ద ఎముకలోంచి ఒక మూడుమూలల ముక్క ఊడి పక్కకి వచ్చింది. చీటీ చదివి, "ఎలా తగిలింది?" అన్నాడు.

"గోడ మీంచి పడిపోనాదండి," అన్నాడు ఎజ్రా.

"నేను అడిగింది పాపని."

"నాను పడిపోనేదండి. ఇసక ట్రాక్టరు గుద్దింది," అంది షాలిని.

డాక్టరు ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. నర్సు చేత కాలి మీద ఎండిన బురద నెమ్మదిగా తుడిపించాడు. పిక్కకి బయటివైపు గుండ్రంగా, గిన్నె అడుగంత మేర చర్మం కమిలి ఉంది. దాని చుట్టూ నల్లగా జిడ్డు. డాక్టరు వేలితో తాకి, వాసన చూసి, టేపు తెప్పించి మడమ నుంచి ఆ మచ్చ దాకా ఎత్తు కొలిచి రాసుకున్నాడు.

"ఎజ్రా గారూ, ఇలా రండి," అని ఫిల్ము చూపించాడు. "గోడ మీంచి దూకితే కాలు మెలిపడి, తడిగుడ్డ పిండినట్టు ఎముక చుట్టూ తిరిగి విరుగుతుంది. ఇది అలా లేదు. పక్కనుంచి గట్టి దెబ్బ పడి విరిగింది. దెబ్బ తగిలిన వైపే ఈ ముక్క ఊడింది. ఎముక బండి నంబరు చెప్పదు. కానీ గోడ మాత్రం కాదంటోంది. పైగా మీ బడిగోడకి గ్రీజు ఎక్కడిది?"

డాక్టరు కేసు కాగితం ముందుకు లాక్కుని పెన్ను తీశాడు.

"మీరు చెప్పింది మీరు చెప్పినట్టే రాస్తాను. పాప చెప్పిందీ రాస్తాను. నేను చూసింది కూడా రాస్తాను. ఇలాంటి దెబ్బయితే పోలీసులకి తెలియజెయ్యాలి. అది నా పని."

సాయంత్రం బస్సుకి జ్ఞానసుందరి వచ్చింది. ఆ రోజు పొరుగూరి మడిలో పని కావడంతో ఆమెకు ఆలస్యంగా తెలిసింది. కూతురి కాలు చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. భర్త వైపు తిరిగి, "ఏటయ్యింది?" అంది. ఎజ్రా చెప్పాడు. గోడ సంగతీ చెప్పాడు, గోడ అని ఎందుకు చెప్పాడో కూడా చెప్పాడు. జ్ఞానసుందరి మంచం పక్కన నేల మీద కూలబడింది. ఆమె కూడా భయస్తురాలే. బుగతల ముందు, ఊరి ఆసాముల ముందు, గొంతెత్తిన మనిషి కాదు.

"పోనీ తల్లీ. కాలు బాగైతే సాలు. గోడో, బండో," అంది చివరికి.

"నీకూ గోడేనా?" అంది షాలిని. తల్లి వైపు చూడకుండా పైకప్పు వైపు చూస్తూ పడుకుంది. ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్న నరసింగరావు వార్డుకి వచ్చాడు. పళ్ళ సంచీ మంచం మీద పెట్టాడు. జేబులోంచి మడిచిన కాగితం తీశాడు.

"ఇక్కడెందుకు జ్ఞానసుందరీ? విశాపట్నంలో పెద్ద ఆసుపత్రిలో మాటాడినాను. కారు కిందే ఉన్నాది. అంతా నాను సూసుకుంటాను. పిల్ల గోడ మీంచి పడిందని మీ ఇద్దరూ ఇక్కడ సంతకమో ఏలిముద్రో ఎయ్యండి. అంతే."

ఎజ్రా చెయ్యి కాగితం వైపు కదిలింది. అప్పుడే డాక్టరు త్రినాథ్ రౌండ్స్‌కి వచ్చాడు. జ్ఞానసుందరి లేచి చేతులు కట్టుకుని నిలబడింది.

"సారూ, ఇక్కడైతే ఏటి సేత్తారు? నాకు తెలిసేలాగ సెప్పండి."

డాక్టరు తన గదిలోంచి ఒక కడ్డీ తెప్పించాడు. స్వెట్టరు అల్లే సూదంత సన్నం. జానెడున్నర పొడుగు. తూకమే లేదన్నంత తేలిక. దాన్ని రెండు చేతుల్తో విల్లులా వంచాడు. వదిలితే మళ్ళీ సాగింది. జ్ఞానసుందరి చేతికిచ్చాడు.

నరసింగరావు నవ్వాడు. "ఏటి డాక్టరు గారూ, సైకిలు పుల్లలాగున్నాది. దీంతో కాలు నిలుస్తాదా?"

"ఒక్కటైతే నిలవదు, రెండు వేస్తాం," అన్నాడు డాక్టరు జ్ఞానసుందరితోనే. "మోకాలి దగ్గర ఎముక పెరిగే చోటు ఒకటుంటుందమ్మా. మీ పాప ఇంకా పొడుగవ్వాలి కదా. ఆ చోటుకి దెబ్బ తగలకూడదు. పెద్దవాళ్ళకి వేసే లావు రాడ్డు వేస్తే అక్కడినుంచే దూరాలి. అందుకని దానికి కిందగా, చెరోపక్కా చిన్న కన్నం చేసి, వంచిన కడ్డీలు రెండూ ఎముక లోపలి గొట్టంలోంచి దింపుతాం. ఒకటి అటు వంగుతానంటుంది, ఇంకోటి ఇటు వంగుతానంటుంది. రెండూ పంతానికి పోయి మధ్యలో ఎముకని నిటారుగా నిలబెడతాయి. ప్లేటు వెయ్యాలంటే ఈ కమిలిన చర్మాన్ని పొడుగ్గా కొయ్యాలి, అది మానడం కష్టం. ఒట్టి పిండికట్టు వేస్తే ముక్కలు జారి కాలు వంకరపోవచ్చు."

"మల్లా పరిగెడతాదా?"

"ఎముక అతుక్కున్నాక పరిగెడుతుంది. ఆ తరవాత కడ్డీలు తీసేస్తాం. వైజాగ్ వెళతానంటే నేను ఆపను. అక్కడా మంచి డాక్టర్లున్నారు. కానీ ఈ పని ఇక్కడ జరగదని మాత్రం ఎవరు చెప్పినా నమ్మకండి."

జ్ఞానసుందరి ఆ కడ్డీని చేతిలో వంచింది. అది వంగింది. వదిలితే మళ్ళీ నిలబడింది. ఇంకోసారి వంచింది. షాలిని మంచం మీంచి తల్లినే చూస్తోంది. జ్ఞానసుందరి కడ్డీని డాక్టరుకి ఇచ్చేసి, పళ్ళ సంచీ తీసి నరసింగరావు చేతిలో పెట్టింది.

"ఆపరేషను ఇక్కడే అవుతాది బాబూ. మాట మట్టుకు మార్సం. నా కూతురు పడిపోనేదు."

"ఎజ్రా, నీ ఆడదానికి సెప్పుకో."

ఎజ్రా తల దించుకున్నాడు. నరసింగరావు కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. మూడో రోజుకల్లా మిల్లు నుంచి కబురొచ్చింది, ఎజ్రా ఇంక పనికి రానక్కర్లేదని.

నరసింగరావు వచ్చి వెళ్ళిన రోజు మధ్యాహ్నమే హెడ్ కానిస్టేబులు వాంగ్మూలానికి వచ్చాడు. పాతపట్నం చీటీ చూసి కొంత ముందే రాసుకొచ్చాడు. సంతకం పెట్టమని షాలిని ముందు పెట్టాడు. ఆమె పెన్ను పట్టుకోలేదు. కాగితం తీసుకుని, వేలు పెట్టి ఒక్కో వరసా చదివింది.

"ఇది నా మాట కాదండి."

"మీ నాన్న చెప్పిందే రాశాం పాపా."

"మా నాన్నకి కాలు ఇరగనేదండి."

పక్క మంచం మీది ముసలావిడ కిసుక్కున నవ్వింది. హెడ్ కానిస్టేబులు షాలిని వైపు కాసేపు చూశాడు. తరవాత ఆ కాగితం మడిచి పెట్టేసి, కొత్తది తీశాడు. "సరే, నువ్వే చెప్పు. మెల్లిగా," అన్నాడు. షాలిని చెప్పింది. ఎర్రన్న వెనక్కి తిరిగి చూసిన సంగతి రాశారా లేదా అని రెండుసార్లు అడిగి, చదివి, అప్పుడు సంతకం పెట్టింది.

వాపు తగ్గాక శుక్రవారం పొద్దున్న ఆపరేషను చేశారు. వెన్నులో సూది ఇచ్చారు. నడుం కింద అంతా మొద్దుబారింది, కానీ మెలకువగానే ఉంది. ఎదురుగా ఆకుపచ్చ గుడ్డ అడ్డం కట్టారు. దాని అవతల ఎవరో తన కాలు ఎత్తి పట్టుకున్నారని తెలుస్తోంది, కాలు మాత్రం తనది కానట్టుంది.

"భయంగా ఉందా?" అన్నాడు డాక్టరు.

"నేదండి. ఏటి సేస్తన్నారో సెప్పండి."

పక్కనున్న నర్సు నవ్వింది. డాక్టరు ఎక్స్‌రే బొమ్మ కనపడే టీవీ తెరని కాస్త ఆమె వైపు తిప్పించాడు. బూడిదరంగులో ఎముక కనిపించింది. మధ్యలో విరుగు. మోకాలి కిందనుంచి నల్లటి గీత ఒకటి లోపలికి దూరింది. టకటకమని చిన్న సుత్తి చప్పుడు. గీత ఇంకొంచెం దిగింది. విరిగిన చోటుకి వచ్చి ఆగింది. కింది ముక్క గొట్టం పై ముక్కకి ఎదురుగా లేదు.

"కాలు కొంచెం లాగి పట్టుకోండి," అన్నాడు డాక్టరు పక్కవాడితో. కడ్డీని మెలిపెట్టాడు. రాలేదు. వెనక్కి లాగి మళ్ళీ తోశాడు. అప్పుడూ రాలేదు. అతని నుదుటి మీద చెమట పట్టింది. షాలిని తెర మీంచి కళ్ళు తిప్పలేదు. మూడోసారి కడ్డీ కొసని కాస్త తిప్పి నెట్టేసరికి, అది విరుగు దాటి కింది ఎముకలోకి జారిపోయింది.

"ఎల్లింది!" అంది షాలిని గట్టిగా.

"వెళ్ళింది," అన్నాడు డాక్టరు. "ఇంకోటి ఉంది, ఆగు."

రెండోది తేలిగ్గానే దిగింది. రెండు కడ్డీలూ పైన చెరోవైపు మొదలై, విరుగు దగ్గర ఎడంగా వంగి, కింద మళ్ళీ విడిపోయి నిలబడ్డాయి. ఎముక తిన్నగా ఉంది. తన కాలిని లోపలినుంచి అలా చూడగలగడం షాలినికి వింతగా అనిపించింది. అంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. నర్సు కళ్ళు తుడిచింది. "నొప్పా?" అంటే కాదని తల ఊపింది.

పది రోజుల తరవాత ఇంటికొచ్చారు. కాలికి వెనకవైపు పిండికట్టు, చంకల్లో రెండు కర్రలు. ఆరు వారాలు పాదం నేల మీద మోపకూడదు. మోకాలి కింద చర్మం లోపల కడ్డీ కొసలు చేతికి తగిలేవి, రాసుకుంటే గుచ్చుకునేవి. ఊళ్ళో కొందరు వచ్చి చూసి పోయారు. కొందరు రావడం మానేశారు. చర్చిలో ఒక పెద్దాయన ఎజ్రాని పక్కకి పిలిచి, బుగతతో రాజీ పడితే మంచిదని చెప్పాడు. షాలిని కర్రలు టకటకలాడించుకుంటూ వాళ్ళ మధ్యకి వచ్చి, "రాజీ అంటే నాను పడిపోనానని ఒప్పుకోడమేనా తాతా?" అని అడిగింది. ఆయన కండువా సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఎజ్రా కోటబొమ్మాళి సంతలో ధాన్యం బస్తాలు దింపే పని వెతుక్కున్నాడు. కూతురితో అంతంతమాత్రంగా మాట్లాడేవాడు. అతని కోపం ఎవరి మీదో అతనికే తెలిసేది కాదు. కానీ రోజూ పొద్దున్న సైకిలు వెనక పలక కట్టి, కూతురి కాలు దాని మీద చాపించి, మూడు కిలోమీటర్లూ నడిపించుకుంటూ బడిలో దింపి, ఆ తరవాతే బస్సెక్కేవాడు. ఇసక బళ్ళు ఎదురొచ్చినప్పుడు సైకిలు తెచ్చి రోడ్డు మధ్యలో నిలబెట్టేవాడు. డ్రైవర్లు హారను కొట్టేవాళ్ళు. ఎజ్రా కదిలేవాడు కాదు. వాళ్ళే వేగం తగ్గించి పక్కనుంచి పోయేవాళ్ళు.

ఆరు వారాలకి ఎక్స్‌రే తీశారు. విరిగిన చోట చుట్టూ తెల్లగా కొత్త ఎముక కట్టింది. "కొంచెం కొంచెంగా బరువు వెయ్యి," అన్నాడు డాక్టరు. దసరా సెలవులకల్లా కర్రలు పోయాయి. క్రిస్మస్‌కి కుంటు పోయింది.

ఆ క్రిస్మస్ సెలవుల్లోనే ఒక సాయంత్రం ఎర్రన్న వాళ్ళింటికి వచ్చాడు. గుమ్మం దాటకుండా బయటే గొంతుక్కూర్చున్నాడు.

"సెల్లెమ్మా, ముగ్గురు పిల్లలోణ్ణి. కేసు ఎనక్కి తీయించండి," అన్నాడు జ్ఞానసుందరితో.

జ్ఞానసుందరి కూతురి వైపు చూసింది. షాలిని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"గుద్దినందుకు కాదు మావా. గుంత ఉన్నాది, తప్పించబోనావు. నాను సూసినాను. కానీ నువ్వు ఎనక్కి తిరిగి సూసినావు. సూసి కూడా ఏల ఆగనేదు?"

ఎర్రన్న తల వంచి వేలితో నేల గీకాడు. "ఏటైనా సరే బండి ఆపొద్దని బుగత మాట. ఆపితే బండి పట్టుకుంటారని," అన్నాడు చివరికి.

"ఆ మాట కోర్టులో సెప్పు."

"సెప్తే నాకు కూడేటి?"

"మా నాన్నకి మిల్లు పోనాది. తింటన్నాం కదా," అంది షాలిని.

ఎర్రన్న లేచి వెళ్ళిపోయాడు.

మార్చిలో పాతపట్నం కోర్టులో విచారణ జరిగింది. దేముడమ్మ గొడుగుతో సహా వచ్చి తాను చూసింది చెప్పింది. డాక్టరు త్రినాథ్ శ్రీకాకుళం నుంచి వచ్చి ఫిల్ములు చూపించాడు. మడమ నుంచి మచ్చ దాకా తాను కొలిచిన ఎత్తూ, పోలీసులు కొలిచిన ట్రాక్టరు చక్రం దిమ్మ ఎత్తూ సరిపోయాయి. షాలిని సాక్ష్యం చెప్పేటప్పుడు, కాలు నొప్పేమోనని కుర్చీ వెయ్యమన్నారు మెజిస్ట్రేటు గారు. "వద్దండి. నిలబడగల్ను," అంది.

ఎర్రన్న తరఫు వకీలుని పెట్టింది నరసింగరావే. ఆ వకీలు దగ్గర ఒక్కటే ఆయుధం ఉంది, పాతపట్నం ఆసుపత్రి చీటీ. దాన్ని పైకెత్తి చూపించాడు.

"కన్నతండ్రి, దెబ్బ తగిలిన గంటలోపే చెప్పిన మాట ఇది. గోడ మీంచి పడిందని. ట్రాక్టరు కథ ఆ తరవాత పుట్టింది."

ఎజ్రాని పిలిచారు. సంత నుంచి తిన్నగా రావడంతో చొక్కా మీద ఊకదుమ్ము ఇంకా ఉంది. బోనెక్కి చెక్క పట్టుకున్నాడు. వెనక బెంచీ మీద నరసింగరావు కూర్చుని ఉన్నాడు. ఎజ్రా అటు చూశాడు. తరవాత కూతురిని చూశాడు.

"ఈ మాట మీరు చెప్పిందేనా?" అన్నాడు వకీలు.

"నాను సెప్పిందేనండి."

"అయితే గోడ మీంచి పడ్డ మాట నిజమే కదా?"

"అబద్దమండి," అన్నాడు ఎజ్రా. దగ్గి సర్దుకుని మళ్ళీ అన్నాడు, ఈసారి హాలంతా వినపడేలాగ. "ఆ రోజు నాను అబద్దం సెప్పినానండి. మా బుగత సెప్పమన్నాడు. పనికి భయపడి సెప్పీసినాను. పిల్ల స్ట్రెచరు మీద ఇరిగిన కాల్తో పడుకుని నిజం సెప్తంటే, నాను రెండు కాళ్ళ మీద నిలబడి అబద్దం ఆడినాను. శిచ్చేమైనా ఉంటే నాకెయ్యండి. దాని మాట మట్టుకు నిజం."

వకీలు చీటీ మడిచి పెట్టేశాడు. ఎర్రన్న ఉన్నట్టుండి మొహం చేతుల్లో దాచుకున్నాడు. మరో వాయిదాకి, తానే గుద్దాననీ, బండి ఆపొద్దని యజమాని చెప్పాడనీ ఒప్పుకున్నాడు.

ఏప్రిల్లో తీర్పు వచ్చింది. ఎర్రన్నకి కొద్ది నెలల శిక్ష పడింది. కాగితాల్లేని ఆ ట్రాక్టరుని పట్టుకుపోయారు. నరసింగరావు మీద వేరే కేసు పెట్టాలని అందరూ అన్నారు గానీ, ఆ ఫిర్యాదు కాగితం ఎక్కడో ఆఫీసు బల్ల మీద ఆగిపోయింది. బడి పెట్టే వేళా విడిచే వేళా ఇసక బళ్ళు ఆ రోడ్డున రాకూడదని పంచాయితీ తీర్మానం చేసింది. ఊరంతా షాలినిని మెచ్చుకుంది.

"బండిని ఆపినారు. బండి ఆసామిని ఆపనేదు," అంది షాలిని. ఆ మాట పంచాయితీ ఆఫీసు వరండాలో, అందరూ ఉండగానే అంది. మర్నాడు బడి కాగితం మీద నరసింగరావు మీద కేసు నడపాలని తన దస్తూరీతో ఒక అర్జీ రాసింది. కింద మొదటి సంతకం ఎజ్రా పెట్టాడు. తరవాత దేముడమ్మ వేలిముద్ర వేసింది. వారం తిరిగేసరికి దాని మీద నలభై మంది ఉన్నారు.

మే నెలలో కడ్డీలు తీసే ఆపరేషనుకి మళ్ళీ శ్రీకాకుళం వెళ్ళారు. అప్పటికి షాలిని రెండు అంగుళాలు పొడుగైంది. కాళ్ళు రెండూ సమానంగా పెరిగాయని డాక్టరు టేపు పెట్టి కొలిచి తృప్తిపడ్డాడు. పని గంటలోపే అయిపోయింది. మత్తు వదిలాక మంచం దగ్గరికి వచ్చి, కడిగిన కడ్డీలు రెండూ చూపించాడు.

"ఇంటికి పట్టుకెళతావా? చాలామంది అడిగి తీసుకుంటారు."

"నాకేలండి?" అంది షాలిని. "పరుగు ఎప్పట్నుంచండి? ఆగస్టులో జిల్లా ఖో-ఖో పోటీలున్నాయి."

"ఎముకలో కన్నాలు పూడాలి కదా. నడక రేపట్నుంచే. పరుగు ఎనిమిది వారాల తరవాత."

"నాలుగండి."

"ఎనిమిది."

"అయిదు."

డాక్టరు ఎజ్రా వైపు చూశాడు. "మీరైనా చెప్పండి."

"నాను సెప్తే ఇంటాదేటండీ?" అన్నాడు ఎజ్రా నవ్వుతూ.

"ఆరు వారాలకి ఎక్స్‌రే తీసి చూద్దాం. బాగుంటే అప్పుడు," అన్నాడు డాక్టరు.

"బాగుంటాది," అంది షాలిని.